పూడ్చిన పిలుపు

కుక్కకు పిలిస్తే రావడం నేర్పడం ఏమంత పెద్ద విద్య అని మొదట్లో నేనూ అనుకున్నాను. పిలుస్తాం, వస్తుంది, అంతే కదా! చేసి చూస్తే తెలుస్తుంది. రాకపోవడానికి కుక్క దగ్గర వెయ్యి కారణాలుంటాయి. ఉడత ఒక కారణం. పక్క తోటలో కోడి ఒక కారణం. ఏమీ దొరక్కపోతే, మనం అంత గట్టిగా అరుస్తున్నాం కాబట్టి రాకపోవడం.

మాది తమిళనాడులోని కంబం లోయలో, కొండ మొదట్లో ఉన్న ద్రాక్ష తోట. ఎన్నో తరాల కిందట గొడ్లను తోలుకుంటూ ఇటు వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగువాళ్లం మేము. బళ్లో తమిళం, బస్సులో తమిళం, బ్యాంకులో తమిళం. తెలుగు మా గడప దాటదు. ఇంట్లో ఉండేది నలుగురం. నేను మణికండన్, నా భార్య కళైవాణి, యూకేజీ చదివే మా కూతురు ఇలక్కియ, మా నాయన తల్లి వెంకటమ్మాళ్. ఆమెను అందరం అవ్వ అనే పిలుస్తాం. ఇల్లు తోటకు ఈ చివర ఉంటుంది. ఆ చివర రాతి గోడ, గోడలో ఒక మనిషి పట్టేంత సందు, సందు పక్కన ఒక చదును బండ. అవతల పాత మంద దారి కొండ మీదికి పోతుంది. ఇప్పుడు దాని మీద మందలు నడవడం లేదు.

ద్రాక్ష తోట చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. రాతి కంబాల మీద తీగలు లాగి, వాటి మీద పందిరి పాకిస్తాం. ఆకు బాగా పట్టాక లోపల పట్టపగలే చీకటి. తల కాస్త వంచి నడవాలి. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన మందు వాసన ఒకటి, రాలిన పళ్లు పులిసిన వాసన ఒకటి. లోపల ఎవరైనా మాట్లాడితే మాట ఏ వైపు నుంచి వస్తోందో చెప్పలేం. అన్ని వైపుల నుంచీ వచ్చినట్టే ఉంటుంది.

ఇంతకుముందు మాకొక కుక్క ఉండేది. పేరు టైగర్, బుద్ధి పిల్లిది. ఒక ఉదయం కోతిని తరుముకుంటూ రోడ్డెక్కింది. నేను గొంతు చించుకుని పిలిచాను. ఒకసారి తిరిగి చూసింది కూడా. చూసి, మళ్లీ కోతి వెనకే పోయింది. పాలవ్యాను డ్రైవరు తప్పేమీ లేదు పాపం. ఆ తర్వాత ఇలక్కియ చాలా రోజులు సరిగా అన్నం తినలేదు. గేటు దగ్గర నిలబడి "టైగర్, కమ్" అని పిలిచేది. అది వినలేక నేను తోటలోకి పోయేవాడిని.

కళైవాణి ఒకటే మాట అంది. "మామా, ఇంకో కుక్క వద్దు. తెచ్చేటట్టయితే పిలిస్తే వచ్చే కుక్కని తే. ఇంకోసారి ఇట్ల అయితే పిల్ల తట్టుకోలేదు."

మాకు దగ్గర్లోనే కొంబై ఊరు. ఆ ఊరి పేరు మీద ఒక కుక్కజాతే ఉంది. ఎర్రటి ఒళ్లు, నల్లటి మూతి, చెప్పలేనంత మొండితనం. అక్కడి నుంచి ఒక పిల్లను తెచ్చాను. చూడగానే ఇలక్కియ "సెవ్వాళై!" అంది. సెవ్వాళై అంటే మా వైపు పండే ఎర్ర అరటిపండు. రంగుకు సరిపోయింది, అదే పేరు ఖాయం చేశాం.

ఇక నేను ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఒక మీసాలాయన కుక్కలకు పిలుపు నేర్పడం గురించి తెగ చెప్పేవాడు. ఊరికే పదిసార్లు పిలవకూడదట, ఒక్కసారే పిలవాలి. వచ్చాక తిట్టకూడదు. సూది వేయించడానికో స్నానం చేయించడానికో పిలవకూడదు. వచ్చిన ప్రతిసారీ దానికి ప్రాణమైన తిండి పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఆయన వేలెత్తి మరీ చెప్పాడు. వచ్చింది కదా అని వెంటనే పట్టుకుని కట్టేయకూడదు. తినిపించి వదిలేయాలి. పోయి ఆడుకోమనాలి. అలా కొన్నాళ్లు చేస్తే దానికి రావడమంటే భయం పోతుంది. ఎంత దూరంలో ఉన్నా, ఏ పనిలో ఉన్నా, పిలుపు చెవిన పడగానే ఆలోచించకుండా వస్తుంది. అప్పుడు పట్టుకోవచ్చు.

ఆయన చెప్పినట్టే కోడి లివరు ఉడికించి, ముక్కలు కోసి జేబులో వేసుకున్నాను. మోటారు గదిలోని పొడవాటి తాడు తెచ్చి మెడకు కట్టాను. ఫలితం సున్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. నేను "దా" అంటాను, కళైవాణి తమిళంలో "వా" అంటుంది, పిల్ల ఇంగ్లీషులో "కమ్ కమ్" అంటుంది. రోజంతా ఈ మాటలు ఇంట్లో అందరమూ అందరినీ అనుకుంటూనే ఉంటాం. కుక్క మాత్రం ఏమనుకుంటుంది! మీసాలాయన దానికీ జవాబు చెప్పాడు. ఇంకెక్కడా, ఇంకెవరి నోటా దానికి వినపడని పిలుపు ఒకటి కావాలట.

ఒక మధ్యాహ్నం అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సెవ్వాళై తాడు తెంపుకుని గేటు వైపు దూసుకుపోయింది. గేటు తెరిచి ఉంది. నేను పరుగెత్తాను కానీ అందేలా లేదు. అప్పుడు వెనక నుంచి ఒక కూత వినపడింది.

"ఓ…లో… దా!"

గొంతు లోపల ఎక్కడో మొదలై, మధ్యలో విరిగి పైకి లేచి, చివర టక్కున ఆగిపోయే కూత. మా అవ్వ గొంతులో అలాంటిది ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. సెవ్వాళై నిలబడింది. తల ఒక పక్కకు వంచింది. వెనక్కు తిరిగి నేరుగా వచ్చి అవ్వ కాళ్ల దగ్గర పడుకుంది.

"అవ్వా! ఈ కూత ఎక్కడిది నీకు?"

అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. చింతపండు చేతులు. "నోరు జారిండాది మణీ. మరిసిపో."

"ఎందుకు మరిచిపోవాల? చూడు, ఎట్ల వచ్చిందో!"

"దండం పెడతా కణ్ణా. ఆ కూత మనది కాదు. వీరాయిది."

అప్పుడు చెప్పింది. వీరాయి మా తాత చెల్లెలు. ఈ దారిలోనే మంద తోలుకుని కొండకు పోయేది. ఒకరోజు పొద్దు గూకే వేళ, ఈనిన ఆవు ఒక్కటే ఇల్లు చేరింది. దూడ రాలేదు. వీరాయి ఆవును పిండి, ముంతలో జున్నుపాలు పట్టుకుని, దూడను పిలుచుకుంటూ కొండెక్కింది. తిరిగి రాలేదు. చాలా సాయంత్రాలు ఆమె కూత కొండ మీద వినపడేదట. ఆ కూత పట్టుకుని వెతకబోయినవాళ్లకు మనిషి మాత్రం కనబడలేదు.

మా వంశంలో ఒక ఆచారం ఉంది. పూడ్చడానికి ఒళ్లు దొరక్కపోతే పిలుపును పూడుస్తారు. కొత్త కుండ తెచ్చి, పోయినవాళ్ల వస్తువు ఒకటి అందులో వేసి, కన్నవాళ్లు కుండ మూతికి నోరు ఆనించి ఆ పిలుపు చివరిసారిగా పిలిచి, వెంటనే తడిమట్టితో మూసేస్తారు. తోట చివర పూడుస్తారు. వీరాయి కూతనూ అలాగే పూడ్చారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పిలుపు ఎవరూ ఎత్తకూడదు. పిల్లలకు నేర్పకూడదు.

"ఎత్తితే ఏమవుతాది? ఆమె వచ్చేస్తుందా?" అన్నాను నవ్వుతూ.

"వచ్చేదానికి ఆమె ఏమన్నా కుక్కనా?" అవ్వ గొంతు తగ్గించింది. "మనం పిలిస్తే, ఆమె కూడా పిలుస్తాది."

పాపం అవ్వ, పాతకాలం మనిషి అనుకున్నాను. నాకు మాత్రం వెతుకుతున్న తీగ కాలికి తగిలినట్టయింది. లోకంలో ఇంకెవరి నోటా వినపడని పిలుపు. తమిళవాళ్లకు రాదు, తెలుగువాళ్లలోనూ మా ఇల్లు దాటి తెలియదు, మా ఇంట్లోనూ ఎవరూ అనరు. మీసాలాయన విని ఉంటే నన్ను ముద్దు పెట్టుకునేవాడు. అవ్వ చెవిన పడకుండా ఉండాలని తోట ఆ చివరకు పోయి, గోడ సందు పక్కనున్న బండ మీద నిలబడి సాధన మొదలుపెట్టాను.

అబ్బ, ఏం పనిచేసింది! వారం తిరక్కుండానే సెవ్వాళై నోట్లో ఎముక ఉన్నా పారేసి వచ్చేది. "ఓ…లో… దా!" అని ఒక్కసారి అంటే చాలు, పందిరి కింద ఎర్రటి గీతలాగా వచ్చి కాళ్ల ముందు కూర్చునేది. లివరు ముక్క పెట్టి, తల నిమిరి, "పోయి ఆడుకో" అనేవాడిని. పోయేది. మళ్లీ పిలిస్తే మళ్లీ వచ్చేది. నాకు కొమ్ములొచ్చాయనే చెప్పాలి. తోటకు ఎవరొచ్చినా కాఫీ ఇవ్వకముందే కుక్కను పిలిచి చూపించేవాడిని.

ఇలక్కియకు అది పెద్ద ఆటైపోయింది. నేను కూత వేయగానే కుక్కతో పాటు తనూ పరుగెత్తుకొచ్చేది. ఎవరు ముందొస్తే వాళ్లు గెలిచినట్టు. సెవ్వాళైకి లివరు, పిల్లకు కడలెమిఠాయి, అదే మన పల్లీపట్టీ. ఇద్దరికీ కలిపి "పోయి ఆడుకో" అనేవాడిని. ఇద్దరూ మళ్లీ ఉరికేవాళ్లు. స్నానానికి పిలిస్తే రాని పిల్ల, అన్నానికి పిలిస్తే రాని పిల్ల, ఆ కూత వింటే చేతిలో బొమ్మ పారేసి వచ్చేది. నేను ఒకదానికి నేర్పబోతే ఇద్దరూ నేర్చుకున్నారని గొప్పలు పోయాను.

కళైవాణికి నచ్చలేదు. "మామా, పిల్లని కుక్క మాదిరి పిలవద్దు. చూసేదానికి నల్లా లేదు, బాగలేదు."

"ఆటే కదా వాణీ."

"ఆటేలే. పేరు పెట్టి పిలిస్తే తిరిగి కూడా చూడదు, ఆ కూతకైతే పరుగెత్తుతుంది. నాకు అదే పిడిక్కలేదు." నచ్చలేదని మా ఇంటి భాషలో అలాగే అంటాం. నేను వినిపించుకోలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

మొదటి తేడా ఒక సాయంత్రం కనిపించింది. నేను గుత్తులకు కాగితం చుడుతున్నాను. సెవ్వాళై నా పక్కనే నేల తవ్వుతోంది. ఉన్నట్టుండి తవ్వడం ఆపింది. తల ఒక పక్కకు వంచింది. ఎవరో పిలిచినట్టే, పందిరి కింద నుంచి గోడ సందు వైపు ఉరికింది. నేను పిలవలేదు. నాకేమీ వినపడలేదు కూడా.

కాసేపటికి తిరిగొచ్చింది. నాలుకతో మూతి నాక్కుంటోంది. నల్లటి మూతి చుట్టూ పసుపు కలిసిన తెల్లటి చార. వంగి వాసన చూశాను. జున్నుపాలు. ఆవు ఈనిన రోజు పిండే చిక్కటి పాల వాసన, పొరబడే వాసన కాదది.

రోడ్డు అవతల మాడసామి ఒక్కడికే పశువులున్నాయి. మావాడే. పోయి అడిగాను, "నీ ఆవు గాని ఈనిందా?"

"ఆవును అమ్మేసి ఎన్నాళ్లాయె అన్నా! ఉండేవి ఎద్దులు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మాదిరి ఉండావే!" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. కానీ మర్నాడూ అదే జరిగింది. ఆ మర్నాడూ. వెలుతురు తగ్గే వేళకు తల ఒక పక్కకు వంచడం, ఉరకడం, మూతి నాక్కుంటూ రావడం. పోయిన ప్రతిసారీ తిరిగొచ్చేది కాబట్టి నేను కట్టేయలేదు. ఎన్నిసార్లు అలా పోయి వచ్చిందో లెక్క పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది. ఇప్పుడు ఆ లెక్క ఒక్కటే నాకు కావాలి.

చివరికొకరోజు పోయింది, రాలేదు.

ఆ రోజే కళైవాణి ఆండిపట్టిలో వాళ్ల అక్క కూతురి సీమంతానికి పోయి ఉంది. రెండు రోజులకు గాని రాదు. పిల్ల రాత్రి అన్నం తినలేదు. పొద్దున ఇడ్లీ ముట్టలేదు. గేటు దగ్గరకు పోయి నిలబడింది. టైగర్ పోయినప్పటి మొహమే పెట్టుకుంది. దాన్ని చూసి నా ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నమంతా బండి మీద తిరిగి వెతికాను. ఎక్కడా కనబడలేదు.

సాయంత్రం సన్నగా తుంపర పడింది. కొండ మీది నుంచి మంచు దిగి తోట చివర గోడను కప్పేసింది. అప్పుడే కరెంటు పోయింది. ఇలక్కియను అవ్వ పక్కన కూర్చోబెట్టి, టార్చి తీసుకుని బయల్దేరాను.

"సెవ్వాళైని పిలుచుకొస్తావా నాయినా?"

"పిలుచుకొస్తా తంగం తల్లీ. నువ్వు అవ్వని ఇడిసి కదలొద్దు."

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "మణీ… పేరు పెట్టి పిలువు. అది మాత్రం వద్దు."

సరేనన్నాను. పందిరి కిందికి వంగి నడిచాను. ఆకుల మీది నీళ్లు మెడ మీద పడుతున్నాయి. టార్చి వెలుగు మంచుకు తగిలి తెల్లగా నా మొహం మీదికే తిరిగొస్తోంది. ఒక కంబం, దాని వెనక ఇంకో కంబం. ఆ చివరకు చేరి బండ మీద నిలబడి "సెవ్వాళై! సెవ్వాళై!" అని చాలాసేపు అరిచాను. కప్పలు తప్ప ఏదీ పలకలేదు. పిల్ల మొహం గుర్తొచ్చింది. ఇంకొక్కసారే కదా అనుకున్నాను.

"ఓ…లో… దా!"

కప్పలు ఆగిపోయాయి.

అన్నీ ఒక్కసారిగా… ఎవరో మూత పెట్టినట్టు. నేను చెవులు రిక్కించి కొండ వైపు చూస్తున్నాను. కొండ వైపు నుంచి ఏమీ రాలేదు.

జవాబు వెనక నుంచి వచ్చింది. పందిరి లోపలి నుంచి.

"ఓ…లో… దా!"

అది ఆడగొంతు కాదు. ముసలి గొంతు కాదు. నా గొంతు. మొన్న జలుబు చేసినప్పటి నుంచి చివరి మాట దగ్గర నాకొచ్చే చిన్న జీర కూడా అందులో ఉంది. నేను నోరు మూసుకుని నిలబడి ఉన్నాను… నా పిలుపు నాకే వినపడుతోంది.

దూరంగా ఇంటి తలుపు కిర్రుమంది.

"వస్తిని నాయినా!"

ఇలక్కియ.

ఆ తర్వాత అవ్వ కేక. ఆ తర్వాత తడి నేల మీద చిన్న అడుగుల చప్పుడు. పరుగు. పందెం గెలవాలని పరుగెత్తినట్టు పరుగు.

"ఇలక్కియా! నిల్లు! రావద్దు!" అని అరిచాను. పందిరి కింద పడి ఉరికాను. నుదురు తీగకు కొట్టుకుంది. టార్చి ఎక్కడో పడింది. వెతుక్కునే తెలివి కూడా లేదు. "ఇలక్కియా!"

అడుగులు ఆగలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి కూడా చూడదని కళైవాణి చెప్పలేదూ…

మళ్లీ ఆ పిలుపు. ఈసారి ఇంకా ముద్దుగా, లాలనగా. నేను పిల్లను పిలిచినట్టే. ఎడమ నుంచా… కుడి నుంచా… అన్ని వైపుల నుంచీ.

నాకు అర్థమైంది. పిల్లను నా వైపు తిప్పగలిగే మాట నా దగ్గర ఒక్కటే ఉంది. అదే మాట దాని దగ్గరా ఉంది. నా జేబులో మిఠాయి కూడా లేదు. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే పిలిచాను.

"ఓ…లో… దా!"

"ఓ…లో… దా!" అంది నా గొంతు, ఇంకో చోట నుంచి.

అడుగులు ఆగాయి. ఎక్కడో దగ్గరే. నాలుగు కంబాల అవతలో… ఐదు కంబాల అవతలో… పిల్ల ఎటు పోవాలో తెలియక నిలబడినట్టుంది. నేను ఊపిరి బిగబట్టాను. ఇటు తల్లీ, ఇటు… ఇటు రా…

రెండు అడుగుల చప్పుడు. ఆగింది.

తర్వాత వేరే చప్పుడు వినపడింది. చాలా మెల్లగా. గుటక… గుటక… గుటక. ఎవరో తాగుతున్నారు. చిన్న గొంతు. తీరిగ్గా, ఇష్టంగా తాగుతున్నారు. తడి మట్టి వాసన, పులిసిన ద్రాక్ష వాసన… వాటి మీదుగా వెచ్చగా జున్నుపాల వాసన వచ్చి నా ముక్కుకు తగిలింది.

నా కాళ్లు కదల్లేదు. సిగ్గుపడకుండా చెబుతున్నాను. నా బిడ్డ అక్కడ ఉంది, నా కాళ్లు కదల్లేదు.

గుటకలు ఆగాయి. నా గొంతు చీకట్లో గుసగుసగా అంది.

"పోయి ఆడుకో."

మరుక్షణం పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి నా మోకాళ్లకు తగిలింది. నవ్వుతోంది. ఆయాసంతో, సంతోషంతో నవ్వుతోంది. ఎత్తి గుండెకు అదుముకున్నాను.

"ఏంది నాయినా, ఇప్పుడే కదా పొమ్మంటివి! మళ్లీ పిలుస్తావేంది?"

ఇంటికి ఎలా చేరానో గుర్తులేదు. తలుపు గడియ వేసి అవ్వ ఒడిలో కూర్చోబెట్టాను. అవ్వ దీపం వెలిగించలేదు. చీకట్లోనే పిల్ల మొహం రెండు చేతులా తడిమింది. వంగి దాని నోటి వాసన చూసింది. 

"దక్కింది కదా అవ్వా! నేను పిలిస్తే నా దగ్గరకే వచ్చేసింది కదా!" అన్నాను. ఆ మాట ఆమె అవునంటే బాగుండునని అంత ఆశ.

"నువ్వు పిలిస్తే వచ్చిండ్లేదు మణీ," అంది అవ్వ. "ఆమె ఇడిస్తే వచ్చిండాది."

తెల్లారాక మాడసామిని తోడు తీసుకుని తోట చివరకు పోయాను. బండ మీద ఒక పాత కుండ నిటారుగా నిలబెట్టి ఉంది. మూతికి మెత్తిన మట్టి లోపలి నుంచి తోసినట్టు పెళ్లలుగా ఊడి చుట్టూ పడి ఉంది. లోపల పాలు లేవు. అంచుకు మాత్రం మీగడ అంటుకుని, చీమలు పట్టి ఉన్నాయి. మీగడలో ఒకవైపు నాలుకతో నాకిన గుర్తులు. ఇంకోవైపు చిన్న చిన్న వేళ్లతో గీరిన గీతలు. మాడసామి ఎద్దుల జోకులేమీ వేయలేదు. కుక్క జాడ ఎక్కడా లేదు.

ఇప్పుడు మేము కంబం టౌనులో ఉంటున్నాం. బస్టాండు పక్కన మేడ మీద అద్దెకు. రాత్రీ పగలూ హారన్లు. తోట మాడసామికి అప్పగించాను. జరిగిందంతా కళైవాణికి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం కాగానే టీవీ సౌండు పెద్దగా పెట్టి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. అవ్వ తలుపుకు అడ్డంగా చాప వేసుకుని కూర్చుంటుంది. ఆ కూత మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

పిల్ల బాగానే ఉంది. బడికి పోతోంది, ఆడుకుంటోంది. పేరు పెట్టి పిలిచినా ఒక్క పిలుపుకే వస్తోంది. వచ్చినప్పుడల్లా కడలెమిఠాయి ఇస్తున్నాను. తీసుకుంటుంది కానీ తినడం లేదు. కడుపు నిండుగా ఉందంటుంది. దిండు కింద అవి కుప్పగా దొరుకుతున్నాయి.

మీసాలాయన వీడియో మళ్లీ మళ్లీ చూస్తున్నాను. వచ్చింది కదా అని వెంటనే పట్టుకోకూడదు. తినిపించి వదిలేయాలి. కొన్నాళ్లు అలా చేయాలి. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ఆయన చెప్పడు. సెవ్వాళై మూతి నాక్కుంటూ ఎన్నిసార్లు తిరిగొచ్చిందో రాత్రుళ్లు పడుకుని గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. ఒకసారి ఒక లెక్క వస్తుంది, ఇంకోసారి ఇంకో లెక్క వస్తుంది.

నిన్న సాయంత్రం టీవీ మోగుతోంది. పిల్ల వాళ్లమ్మ ఒళ్లోనే ఉంది. నేను ఎదురుగా కూర్చుని దాన్నే చూస్తున్నాను. బొమ్మలు చూస్తున్నదల్లా చూడడం ఆపింది. తల ఒక పక్కకు వంచింది. కళైవాణి రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. పిల్ల ఎక్కడికీ కదలలేదు. కళ్లు మూసుకుంది, అంతే. కాసేపటికి దాని గొంతు కదిలింది. గుటక… గుటక… గుటక.

తర్వాత కళ్లు తెరిచి, పెదవులు నాక్కుని, "సరి నాయినా" అని ఆడుకోవడానికి లేచింది.

పోయి ఆడుకోమని నేను అననేలేదు.